కుండీలలో కూరమొక్కలు – చీడపురుగుల నివారణము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు అక్షరముల యెరుక కలిగించుచున్నది. ఎరుకవలన ప్రయోజనమేమన, ఎదుటనున్నది శత్రువో మిత్రుడో గుర్తింపగలుగుటయే. అది కొరవడినచో ఎట్టి నష్టము వాటిల్లునో తెలిసికొనుటకు పెద్ద గ్రంథములతో పనిలేదు. అరుగుమీది కుండీలోని మొక్క ఆకును తిరుగవేసి చూచినచో చాలును.

నేడు పెరడులేని యిండ్లలో సైతము అరుగులమీదను డాబాలమీదను కుండీలుంచి వంగ, బెండ, మిరప, చిక్కుడు పెంచుచున్నారు. తమ చేత నీరుపోసి పెంచిన కాయ పిల్లల కంచములో పడవలెననునదే వారి కోరిక. అట్టి యింట చిక్కుడుతీగకు పేనుబంక పట్టినదనుకొనుడు. గృహస్థు కంగారుపడి, పత్తిచేనికి తెచ్చి మిగిల్చిన మందును నీటిలో కలిపి చల్లును. మరునాటికి పేనుబంక రాలిపోవును. పదునైదు దినములు గడచుసరికి మునుపటికంటె దట్టముగా మరల పట్టును. మందు నాసిరకమని తలంచి ఆయన మోతాదు పెంచును.

జరిగినది వేరు. ఆ మందుచేత పేనుబంకయేకాక, దానిని దినమునకు పదులకొలది తిను అక్షింతల పురుగులును చచ్చినవి. పేనుబంకలో ఆడుది మగదానితో పనిలేకయే పిల్లలను పెట్టును. ఆ పిల్లలు వారము పదిదినములలో తామును పిల్లలను పెట్టును. అక్షింతల పురుగు గ్రుడ్డునుండి పెరిగి పెద్దదగుటకు సుమారు మూడువారములు పట్టును. కావున విషము చల్లినపిదప శత్రువు ముందు లేచును, మిత్రుడు వెనుకబడును. ఆకుమీద మిగిలిన విషము కాయతో వంటయింటికి చేరును. చేలలో విరివిగా వాడిన మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై వాడరాదని భారతప్రభుత్వము 2005వ సంవత్సరముననే నిషేధించిన సంగతి గృహస్థులు మరువరాదు.

మిత్రుని గుర్తించుటయు తేలిక కాదు. అక్షింతల పురుగు పిల్ల తల్లివలె ఎఱ్ఱగా గుండ్రముగా నుండదు. నల్లగా, పొడవుగా, నారింజరంగు మచ్చలతో చిన్న మొసలివలె నుండును. తెలియక దానినే నలిపివేయువారు కలరు. మరియొక చిక్కును కలదు. వంగమొక్కపై అదే కుటుంబపు పెంకుపురుగు మరియొకటి చేరి, ఆకులోని పచ్చదనమును గీకితిని ఈనెలను జల్లెడవలె మిగుల్చును. దానినికూడ అక్షింతల పురుగనియే పిలుతురు. మిత్రుని వీపు నున్నగా మెరయును. శత్రువు వీపు సన్నని నూగుతో మసకగా, అధికమైన మచ్చలతో నుండును. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒడలెల్ల ముండ్లతో నుండును. రావణుడు పుట్టిన యింటనే విభీషణుడును పుట్టెను. కావున పేరునుబట్టి కాక, చేయు పనినిబట్టి తీర్పు చెప్పవలెను.

మొక్కపై చీమల బారు ఎక్కుచున్నచో పైన పేనుబంకయో పిండినల్లియో ఉన్నదని శంకింపవలెను. అవి విడుచు తీపిద్రవమునకై చీమలు వానిని పసులకాపరులవలె కాచి, అక్షింతల పురుగులను తరుమును. కుండీలను పీటపై నుంచి, పీటకాళ్లను నీటిపళ్లెములలో నిలిపినచో చీమలు ఎక్కజాలవు. పళ్లెములలోని నీరు రెండుమూడు దినముల కొకసారి మార్చవలెను. లేనిచో దోమలు పుట్టును.

ఆకే వ్యాధి పేరు చెప్పును. మిరపాకు అంచులు పైకి ముడిచి దోనెవలె నున్నచో అది తామరపురుగు పని. క్రిందికి ముడిచి బోర్లించిన దోనెవలె నున్నచో నల్లి పని. నల్లి సాలెపురుగు జాతిది. అందుచే పురుగులకు పనిచేయు మందులు పెక్కు దానికి పనిచేయవు. నీటిలో కలియు గంధకపు పొడిని లీటరునకు 3 గ్రాములు కలిపి ఎండ తగ్గిన వేళ చల్లవలెను. బెండాకు ఈనెలు పసుపుబారినచో అది తెల్లదోమ మోసికొనివచ్చిన తెగులు. దానికి చికిత్స లేదు. ఆ మొక్కను పెరికివేసి తక్కినవానిని కాపాడుకొనవలెను.

చికిత్సకు ఒక క్రమము కలదు. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున, వ్యాధి సోకిన చెట్టును మొదట శస్త్రముతో శోధించి, పిదప వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపి పూయవలెనని చెప్పెను. పూత సంగతి యెట్లున్నను, శోధనము ముందు, ఔషధము వెనుక అను క్రమము నేటికిని చెల్లుచున్నది. వంగచిగురు వాడి వ్రేలాడినచో లోపల తొలుచుపురుగు ఉన్నదన్నమాట. వాడిన భాగమునకు కొంచెము క్రిందుగా త్రుంచి సబ్బునీట ముంచవలెను. కుండీ ప్రక్కనే పారవైచినచో పురుగు బయటికి వచ్చి, గూడు కట్టుకొని, రెక్కలపురుగై మరల గ్రుడ్లు పెట్టును. పేనుబంకను ఉదయమున ఆకుల అడుగున నీటిధార కొట్టి రాల్పవచ్చును. మితిమీరి యూరియా వేసిన మొక్క లేతచిగుళ్లతో దానిని పిలిచి విందు పెట్టును.

ఇంతటితో లొంగనిచో వేపను ఆశ్రయింపవలెను. ఎండిన వేపపప్పు పొడి 50 గ్రాములు గుడ్డలో మూటగట్టి లీటరు నీటిలో రాత్రియంతయు నాననిచ్చి, పిండి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి ఆనాడే చల్లవలెను. ముందుగా ఒకటి రెండు ఆకులపై పరీక్షించుట మేలు. వేపలోని ఆజాడిరక్టిన్ అను పదార్థమును 1968లో శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. అది పురుగుకు తిండి సహింపకుండ జేసి, కుబుసము విడుచుటకు అడ్డుపడును. కాని ఎండకు త్వరగా క్షీణించును. అందుచే సాయంకాలముననే చల్లవలెను. వెంటనే పురుగు చావలేదని నిరాశపడరాదు.

పదియెకరముల రైతు ప్రతి ఆకును తిరుగవేసి చూడలేడు. పదికుండీల గృహస్థు చూడగలడు. ప్రాతఃకాలమున పావుగంట చాలును. చూచుటకు తీరిక లేక విషము చల్లువాడు తన శ్రమను తగ్గించుకొని, ఆ భారమును బిడ్డ కంచముపై వేయుచున్నాడు. అక్షరమైనను ఆకైనను నిదానించి చదివినవానికే అర్థమగును.

స్వస్తి.