వేసవి శిబిరాలు - ఊరి పొలిమేరలోని భారతదేశం

(ప్రసంగ పాఠం)



రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తెలుగువారి సామెత. ఏప్రిల్ చివరి వారం మొదలు జూన్ రెండవ వారం వరకు, ఇంచుమించు ఏడు వారాలపాటు, తెలుగునాట పాఠశాలలు మూతబడి ఉంటాయి. ఒకప్పుడు ఈ ఏడు వారాలకూ అమ్మమ్మగారి ఊరే గమ్యం. మామిడితోటలు, చెరువుగట్లు, ఆరుబయట మంచాలు, రాత్రివేళ పెద్దలు చెప్పే కథలు ఉండగా పిల్లలకు వేరొక శిబిరం అవసరం కలుగలేదు. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లే కుటుంబాలు పెరిగిన కొద్దీ, పల్లె విడిచి పట్టణం చేరినవారి సంఖ్య హెచ్చిన కొద్దీ, ఆ ఏర్పాటు చాలకుండా పోయింది. అందుచేత ఏప్రిల్ నెల వచ్చేసరికి "పిల్లలను ఏ శిబిరానికి పంపాలి?" అనే ప్రశ్న ఇంటింటా వినిపిస్తున్నది.

ఈ ప్రశ్నకు తెలుగు రాష్ట్రాలలో లభించే సమాధానాలు ఏమిటి? ఆ సమాధానాలలో లోటు ఏమైనా ఉన్నదా? నేటి ప్రసంగ విషయాలు ఈ రెండే.

అందరికీ అందుబాటులో ఉండి, చాలామంది మరచిపోయే సమాధానం గ్రంథాలయం. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా గ్రంథాలయ సంస్థలు వేసవి విజ్ఞాన శిబిరాల పేరిట పిల్లలచేత కథలు చదివిస్తున్నాయి, చదివిన కథను తిరిగి చెప్పిస్తున్నాయి, బొమ్మలు గీయిస్తున్నాయి, ఆటలు ఆడిస్తున్నాయి. ఇందుకు రుసుము లేదు. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతున్నది. కనుక ఈ శిబిరం ఎవరో దయతో పెట్టినది కాదు. పన్ను కట్టే ప్రతి ఇంటి పిల్లలకూ అందులో హక్కు ఉన్నది.

రెండవది బాలభవన్. పిల్లల సృజనశక్తి కోసమే ఒక సంస్థ ఉండాలన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆలోచనతో 1956లో ఢిల్లీలో బాలభవన్ నెలకొన్నది. ఆ కోవకు చెందినదే హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్. సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, హస్తకళలు ఇక్కడ కొద్దిపాటి రుసుముతో నేర్చుకోవచ్చును. మూడవది క్రీడా శిక్షణ శిబిరాలు. పురపాలక సంస్థలు, క్రీడా ప్రాధికార సంస్థలు తెల్లవారుజామునే మైదానాలు తెరచి ఈత మొదలుకొని కబడ్డీ వరకు నేర్పిస్తాయి. నాల్గవది స్కౌట్లు, గైడ్ల శిబిరం. గుడారం వేయడం, ముడులు కట్టడం, వంట వండడం, తన పని తాను చేసుకోవడం అక్కడి పాఠాలు. వీటికి తోడు నగరాలలో ప్రైవేటు శిబిరాలు అనేకం వెలసినవి. వాటిలో మంచివి లేకపోలేదు. అయితే వాటి రుసుము కూలి కుటుంబానికి అందనిది.

ఇన్ని సమాధానాలు ఉన్నప్పుడు ఇక లోటు ఏమిటి? శిబిరాన్ని ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రులు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు. ఏమి నేర్పుతారు? ఎంత రుసుము? ఎంత దూరం? ఇవి అవసరమైన ప్రశ్నలే. కాని నాల్గవ ప్రశ్న ఒకటి ఉన్నది. అక్కడ పిల్లవాని పక్కన కూర్చునేది ఎవరు? సంవత్సరం పొడుగునా ఏ పిల్లలతో చదువుకున్నాడో వేసవిలోనూ ఆ పిల్లలతోనే ఆడుకుంటే, శిబిరం మరొక తరగతి గది అవుతుంది.

బాలల శిబిరాల చరిత్రలో ఈ నాల్గవ ప్రశ్నకు మొదటినుండీ స్థానం ఉన్నది. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో సుమారు 20 మంది బాలురతో ఒక శిబిరం నడిపినాడు. స్కౌటు ఉద్యమానికి బీజం పడినది అక్కడనే. ఆ బాలురలో సంపన్నుల విద్యాలయాలలో చదివేవారూ ఉన్నారు, శ్రామిక కుటుంబాలవారూ ఉన్నారు. వారిని కలిపివేసి చిన్న చిన్న దళాలుగా విభజించడం ఆ ప్రయోగంలోని ముఖ్యాంశం.

భారతదేశంలో ఈ ఆలోచనను భాషల ఎల్లలు దాటించినవారిలో ఎస్.ఎన్. సుబ్బారావు ముఖ్యులు. 1929లో బెంగళూరులో జన్మించి 2021లో కన్నుమూసిన ఈ గాంధేయవాది దేశమంతటా యువజన సమైక్యతా శిబిరాలు నడిపినారు. ఆయన ఆధ్వర్యంలోని బాలల మహోత్సవాలలో ఇతర రాష్ట్రాల పిల్లలు స్థానిక కుటుంబాల ఇళ్లలో అతిథులుగా ఉండేవారు. భాష రాని ఇంట అన్నం తిని, ఆ ఇంటి పిల్లలతో నిద్రించిన బాలునికి సమైక్యత గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

ప్రభుత్వ పథకాలూ ఇదే దిశలో సాగినవి. 2015లో ప్రకటించిన 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్‌కు పంజాబు, తెలంగాణకు హర్యానా జతకూడినవి. 2025 వేసవిలో కేంద్ర విద్యాశాఖ భారతీయ భాషల వేసవి శిబిరాలు ప్రవేశపెట్టినది. మాతృభాష కాక మరొక భారతీయ భాషలో రోజువారీ సంభాషణను వారం రోజులలో, 28 గంటలలో పిల్లలకు పరిచయం చేయడం వాటి లక్ష్యం.

మరొక భాష నేర్పేవారు ఎక్కడినుండి వస్తారని పలువురు సందేహిస్తారు. అమృతసర్ దాకా పోనక్కరలేదు. ఊరి పొలిమేర దాకా వెళితే చాలును.

పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడ జిల్లాల నుండి ప్రతి సంవత్సరం వేలాది కుటుంబాలు ఇటుక బట్టీలలో పనికి తెలుగునాటికి వస్తున్నాయి. నువాఖాయి పండుగ వెళ్లిన పిదప బయానా తీసుకొని, చలికాలపు ఆరంభంలో బయలుదేరి, తొలకరి వానలకు ముందు తిరిగి వెళతాయి. పిల్లలు కూడా వెంట ఉంటారు. ఇంట సంబల్‌పురి, బడిలో ఒడియా విన్న ఆ పిల్లలకు ఇక్కడి బడిలో వినిపించేది తెలుగు. పచ్చి ఇటుకలు తిరగవేయడం, తల్లి పనిలో ఉండగా చంటిబిడ్డను చూసుకోవడం చాలాచోట్ల వారి దినచర్య. 6 నుండి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ చదువు హక్కు అని 2009 నాటి చట్టం చెబుతున్నది. ఆ హక్కును బట్టీ వద్దకు చేర్చిన అనుభవం తెలంగాణకు ఉన్నది. ఒడియా ఉపాధ్యాయులను, ఒడియా పాఠ్యపుస్తకాలను రప్పించి కొన్ని జిల్లాలలో బట్టీల వద్దనే బడులు నడిపినారు. బియ్యపు మిల్లుల వద్ద, కట్టడాల వద్ద బీహారు, ఉత్తరప్రదేశ్ కుటుంబాల పిల్లలూ కనిపిస్తారు. జాతీయ సమైక్యత అనే మాటను పాఠ్యపుస్తకంలో చదివే బాలునికి, ఆ దేశమే రెండు మైళ్ల దూరంలో మట్టిలో ఆడుకుంటున్నదని ఎవరూ చెప్పడం లేదు.

ఈ ఇరువురు పిల్లలనూ ఒక చెట్టు నీడన కూర్చోబెట్టగల సంస్థ గ్రంథాలయం, బడి గ్రంథాలయమైనా సరే. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఉదయం 7 గంటలకు మొదలుపెట్టి ఎండ ముదరకముందు 11 గంటలకు ముగిస్తే రోజుకు నాలుగు గంటలు. ఏడు రోజులకు సరిగ్గా 28 గంటలు.

తొలిరోజు మాటలు. తెలుగు, కన్నడ, తమిళ పిల్లలకు 'ఉప్పు' ఉప్పే. ఒడియా బిడ్డకు అది 'లుణ', హిందీ బిడ్డకు 'నమక్'. మరాఠీలో ఉప్పును 'మీఠ్' అంటారు. హిందీలో 'మీఠా' అంటే తీపి. హిందీలో నిన్నకూ రేపుకూ 'కల్' అనే ఒకే మాట ఉన్నదని, ఏది నిన్నయో ఏది రేపో క్రియాపదమే తేల్చుతుందని తెలిసినప్పుడు పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వులోనే వ్యాకరణం అలవడుతుంది. రెండవరోజు ఆటలు. తెలుగు పిల్లల బిళ్ళంగోడు హిందీలో గుల్లీ డండా, మరాఠీలో విట్టీ దాండూ. నియమాలు కొద్దిగా మారవచ్చును కాని కర్ర, బిళ్ళ ఒక్కటే. మూడవరోజు తిండి. ఒడిశావారి పఖాళ, తెలుగువారి చద్దన్నం వేసవి తాపానికి రెండు ప్రాంతాలు కనిపెట్టిన ఒకే మందు. తక్కిన రోజులలో కథలు, పాటలు, పటాలు. ఒడిశా పటంలో తన ఊరిని వేలితో చూపే బిడ్డ ఆనాటికి ఉపాధ్యాయుడు. చివరిరోజు ఇరు భాషలలో పిల్లలే తయారుచేసిన చిన్న పుస్తకం గ్రంథాలయంలో నిలుస్తుంది.

జాగ్రత్తలు కొన్ని తప్పనిసరి. బట్టీ కుటుంబాలు తొలకరికి ముందే తరలిపోతాయి కనుక శిబిరం సెలవుల తొలి వారాలలోనే జరగాలి. తల్లిదండ్రులతో ముందుగా మాట్లాడి వారి అంగీకారం పొందాలి. అక్క చంకనున్న చంటిబిడ్డకూ చోటు ఉండాలి. లేనిపక్షంలో అక్క రాలేదు. త్రాగునీరు, నీడ, పిల్లలను తీసుకువచ్చి తిరిగి దిగబెట్టే పెద్దదిక్కు, కడుపునిండా ఒక పూట భోజనం, ఇవి లేకుండా శిబిరం తలపెట్టరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది, పొరుగు రాష్ట్రపు పిల్లలను వేదికమీద నిలబెట్టి దానం చేసినట్లు చూపరాదు. వారు అతిథులు, సహాధ్యాయులు.

పిల్లలకు సెలవులలో మరొక భాష భారమని కొందరు అభ్యంతరం చెబుతారు. పరీక్ష పెడితే అది భారమే. పరీక్ష లేనిచోట భాష ఒక ఆటవస్తువు. వారం రోజులలో ఎవరూ ఒడియా పండితులు కారు. అయితే "నీ పేరేమి?", "అన్నం తిన్నావా?" అని ఎదుటివాని భాషలో అడగగలిగిన బాలుడు ఆ పిల్లవానిని ఇక ఎన్నడూ 'బట్టీవాళ్ల పిల్లవాడు' అని పిలువడు. అతని పేరు తెలిసిపోయింది.

ఒక వారపు శిబిరం బట్టీ బ్రతుకును మార్చలేదు. అది బడికి బదులు కూడా కాదు. కాని బడి బయటనున్న బిడ్డ ఒకడున్నాడని ఊరికి తెలియజేస్తుంది. తెలిసిన బిడ్డ కోసం ఉపాధ్యాయుడు బడి తలుపు తెరవక మానడు.

తెలుగునాట గ్రంథాలయోద్యమం ఏనాడూ పాఠకుడు వచ్చేదాకా వేచియుండలేదు. 1930వ దశకంలో తెనాలి ప్రాంతపు కాలువలమీద పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పంపి, పల్లె ప్రజలకు ఒడ్డునే అందించినారు. నేటి వేసవిలో ఆ పడవ చేరవలసిన రేవు ఊరి చివరి ఇటుక బట్టీ. వచ్చే ఏప్రిల్‌కు ముందే ప్రతి గ్రంథపాలకుడు, ప్రతి ఉపాధ్యాయుడు తన ఊరి చుట్టూ ఎన్ని భాషల పిల్లలు ఉన్నారో ఒక జాబితా వ్రాసుకోవాలి. శిబిరానికి అదే మొదటి పుట.