ఊహించే మెదడు

మన భోగాపురం దగ్గర ముక్కాం తీరంలో తండ్రితో కొత్తగా పడవెక్కిన కుర్రాడికి ప్రతి కెరటమూ కొత్తే. కొన్నాళ్లకు కెరటం రాకముందే కాళ్లు సర్దుకుంటాయి. ఈలోగా మెదడులో ఏం మారింది?

హైదరాబాద్ కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదువుకుని, ఇప్పుడు సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్న రాజేశ్ రావు, 1999లో సహపరిశోధకుడు డానా బల్లార్డ్‌తో కలిసి, చూపు విషయంలో దీనికో జవాబు ప్రచురించారు. కంప్యూటర్‌లో నాడీకణాల వలయానికి నమూనా ఒకటి పొరలు పొరలుగా కట్టి, ప్రకృతి దృశ్యాల ఫొటోలు చూపించారు. కింది పొరకు ఏం అందుతుందో పై పొర ముందే ఊహిస్తుంది. కింది పొర, ఊహకూ కంటికి కనిపించినదానికీ ఉన్న తేడాను మాత్రమే పైకి పంపుతుంది. ఆ తేడా తగ్గేలా కణాల మధ్య బంధాలు మారుతూ పోతాయి. నేర్చుకోవడమంటే ఇక్కడ అదే. పొరపాటే పాఠం అన్నమాట. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే.

చూపుకు సంబంధించిన మెదడు భాగంలో కొన్ని కణాలు పొట్టి గీతకు గట్టిగా స్పందించి, గీత పొడవైతే ఊరుకుంటాయి. ఎందుకో చాలాకాలం చిక్కు ప్రశ్నే. ఆ నమూనాలోనూ అలాంటి కణాలే తయారయ్యాయి! ప్రకృతిలో పొడవు గీతలే ఎక్కువ కనుక పై పొర వాటిని ముందే ఊహించేస్తుంది. కింది కణానికి చెప్పాల్సిన తేడా మిగలదు.