బొటనవ్రేలి బుడిపె గలవారికి తగిన పాదరక్షలు
(ఢిల్లీ పరిసర పురపాలక, తాలూకా ఉద్యోగులకై ఉపన్యాస పాఠము)



పాదపు లోపలి యంచున, బొటనవ్రేలి మొదట కీలు ఉబ్బి పొడుచుకొనివచ్చి, వ్రేలు తక్కిన వ్రేళ్లమీదికి ఒరగుటను వైద్యులు బునియన్ అందురు. దీనిని ఆనెకాయ యనుకొని బ్లేడుతో చెక్కించుకొనువారు గలరు. చెక్కినకొలది పుండగునే గాని బుడిపె తగ్గదు. ఏలయన, పాదములోని మొదటి పొడవుటెముక ఒకవైపునకును, వ్రేలు రెండవవైపునకును తొలగుటచే కీలు బయటికి వచ్చినది గాని, చర్మముపై పెరిగినది కాదు.

ఇది కొంత వంశానుగతముగా వచ్చును; స్త్రీలలో అధికము. ఇఱుకైన పాదరక్షలకును ఇందు పాలు గలదు. హాంగ్‌కాంగునందలి చీనా జనులనుగూర్చి 1958లో ప్రకటితమైన పరిశోధనమున, బూట్లు తొడుగువారిలో నూటికి 33 మందికిని, తొడుగనివారిలో నూటికి సుమారు ఇద్దరికిని ఈ వంకర కనబడెను. అంతమాత్రమున వట్టికాళ్లతో తిరుగుడని చెప్పుట వివేకము కాదు. మే నెలలో ఢిల్లీ రోడ్డుమీద పది అడుగులు నడచినవా రెవ్వరును ఆ మాట యనరు.

ఉద్యోగులకు ఇందు పని యేమి యని కొందఱికి తోపవచ్చును. పారిశుద్ధ్య కార్మికులకు, దాదులకు, జవానులకు బూట్లు కొనునపుడు ఇండెంటులో వ్రాయునది నంబరు మాత్రమే. నంబరు పొడవును దెలుపును. ఇంగ్లీషు పద్ధతిలో ఒక నంబరునకును తరువాతి నంబరునకును భేదము అంగుళములో మూడవవంతు. వెడల్పు ఊసు అందు లేదు. వెడల్పు చాలని కార్మికురాలు ఒకటి రెండు నంబర్లు పెద్దది అడిగి తీసికొనును. అప్పుడు మడమ నిలువదు. పాదము ముందునకు జాఱి, బుడిపె మునుపటికంటె ఎక్కువగా ఒరయును. నాలుగు దినములకు ఆమె బూట్లను మూల బెట్టి చెప్పులతో పనికి వచ్చును. ఆమెను సంజాయిషీ అడుగుటకు ముందు ఆమె పాదమును చూచుట న్యాయము.

ఈ చిక్కు దేశమంతట నున్నదే. మదరాసునందు 1948లో స్థాపితమైన కేంద్ర చర్మ పరిశోధనాలయమువారు 2021 డిసెంబరు మొదలు 2022 మార్చి వఱకు 79 స్థలములలో లక్షకు పైగా జనుల పాదములను కొలచిరి. భారతీయుల పాదములు ఐరోపావారి పాదములకంటె వెడల్పని తేలినది. దానినిబట్టి ‘భా’ యను క్రొత్త కొలతపద్ధతి 2024లో ప్రతిపాదింపబడెను.

కొనువారు చేయదగిన పరీక్ష కాగితముతో తీఱును. పాదములు పగలెల్ల నడచి కొంచెము ఉబ్బియుండును గనుక సాయంకాలము కొలచుట మేలు. కాగితముపై నిలువబడి, కూర్చుండి కాదు, రెండు పాదముల చుట్టును పెన్సిలుతో గీత గీయింపవలెను. పెద్ద పాదమునే ప్రమాణముగా గొని, బూటును ఆ గీతపై నుంచిన, అది ఎచట గీతకు లోపలగునో అచటనే రేపు నొక్కును. పొడుగైన వ్రేలికి ముందు అర అంగుళము చోటుండవలెను. బుడిపెమీద కుట్టుగాని అతుకుగాని రాగూడదు. లేసు గలవి మేలు. లేసు లేనివి కాలికి బిగిసియుంటేనే నిలుచును. మడమ యెత్తయినకొలది బరువంతయు వ్రేళ్లమీద బడును. హవాయి చెప్పు బుడిపెను నొక్కదు గాని, దానిని పట్టుకొనుటకు వ్రేళ్లు దినమెల్ల పాటుపడవలెను.

బల్లీమారాన్ అంగళ్లలో దొరకు జుత్తీలు చూడ ముచ్చటైనవే. అయితే వాని మొన సన్నము. పాతపద్ధతివానికి కుడియెడమల భేదమైనను లేదు. పెండ్లికి ఒక పూట తొడుగవచ్చును. శీతకాలమునకై కొనునపుడు, డిసెంబరులో తొడుగబోవు ఉన్ని మేజోళ్లతోనే సరిచూచుకొనవలెను. ఈ సంగతి మఱచువారే ఎక్కువ. ఉన్న బూటు మెత్తని తోలుదైనచో, చెప్పులు కుట్టువానిచే బుడిపె యున్నచోట మాత్రము సాగదీయించుకొనవచ్చును. బహదూర్‌గఢ్‌లో విస్తారముగా తయారగు తోలు కాని బూట్లు చవుకయే గాని అట్లు సాగవు. అందుచే వానిని మొదటనే వెడల్పు చూచి కొనవలెను.

రాత్రులందు కట్టుకొను పట్టీలచే వ్రేలు శాశ్వతముగా తిన్ననగు నను ప్రకటనలు నమ్మదగినవి కావు. తగిన బూటు సయితము వంకరను మాన్పదు, నొప్పిని తగ్గించును. అప్పటికిని నడక సాగనిచో శస్త్రచికిత్స గలదు. అదే కీలు ఒక్కరాత్రిలో ఎఱ్ఱనై, వేడెక్కి, దుప్పటి తగిలినను ఓర్వరాని నొప్పి కలిగినచో అది వాతరక్తము కావచ్చును. దానికి బూట్లు మార్చుట మందు కాదు.

మధుమేహము గలవారి విషయము వేఱు. వారి పాదములకు స్పర్శ తగ్గియుండవచ్చును గనుక, బూటు హాయిగానున్నదని వారు చెప్పిన మాటపై ఆధారపడరాదు. క్రొత్తబూట్లు ఇచ్చిన దినమున గంటసేపు నడిపించి, విప్పించి, చర్మము ఎఱ్ఱబడినదేమో కన్నులతో చూడవలెను. ఎఱ్ఱబడినచో ఆ జతను వాపసు తీసికొని, వారిని ఆ దినమే ఆసుపత్రికి పంపవలెను.