వారసత్వముగా ఇవ్వదగినది ఏది?

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సంవత్సరము మేము కలసి చదివిన గ్రంథములలో నొక మెక్సికో దేశపు నవలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము. లారా ఎస్కివెల్ అను రచయిత్రి దానిని స్పానిష్ భాషలో రచించి 1989లో ప్రకటించెను. పేరు ‘కోమో ఆగ్వా పారా చోకోలాతె’. ‘చాక్లెట్టునకై కాగిన నీటివలె’ నని భావము. 1992లో వెలువడిన ఆంగ్లానువాదమున మేము దీనిని చదివితిమి.

చాక్లెట్టనగానే మన పిల్లలకు కాగితము చుట్టిన మిఠాయి స్ఫురించును. ఆ దేశమున నది ప్రాచీనకాలమునుండి పానీయము. కకావో గింజలను వేయించి, పొట్టు తీసి, ‘మెటాటె’ యను రాతిపై నూరి, చక్కెర చేర్చి బిళ్లలు చేయుదురు. కాగిన నీటిలో బిళ్లను కరగించి, కవ్వమువంటి కొయ్యతో నురుగు వచ్చునట్లు చిలుకుదురు. ఆ మెటాటె మన సన్నికల్లునకు తోబుట్టువే. ప్రేమచే గాని కోపముచే గాని మనసు కుతకుతలాడువారిని ఆ నీటితో పోల్చుట అక్కడి నానుడి.

కథాకాలము 1910లో ఆరంభమైన మెక్సికో విప్లవకాలము. స్థలము ఉత్తరపు సరిహద్దున పియెద్రాస్ నెగ్రాస్ ప్రాంతము. కథానాయిక తీతా ఇంటికి కడగొట్టు బిడ్డ. కడగొట్టు కుమార్తె వివాహమాడక, తల్లి బ్రతికినంతకాలము శుశ్రూష చేయవలెనని ఆ యింటి ఆచారము. పెద్రో అను యువకుడు తీతాను కోరి రాగా, తల్లి ఎలెనా ఆమె అక్కయైన రోసౌరాను ఇత్తుననెను. తీతాకు చేరువగా నుండవచ్చునని యతడందులకు సమ్మతించెను. ఆ పెండ్లి కేకును తీతాయే చేయవలసివచ్చినది. అందు పడిన ఆమె కన్నీరు తిన్నవారినందరిని ఏడిపించెనట! నోటితో చెప్పరానిది వంటలో చెప్పుకొనుటయే ఆమెకు మిగిలిన స్వాతంత్ర్యము. నవలలోని పన్నెండు అధ్యాయములకు పన్నెండు మాసముల పేర్లు; ఒక్కొక్క మాసమునకు ఒక్కొక్క వంటకము.

అక్క భర్తయందు మనసు నిలుపుట తగునా యని మాలో కొందరడిగిరి. తగునని వాదించుట రచయిత్రి ఉద్దేశము కాదని మా తలంపు. అన్యాయమైన కట్టుబాటొకటి ముగ్గురి జీవితములను ఏ విధముగా చెరచునో ఆమె చూపినది.

మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది రోసౌరా కుమార్తె ఎస్పెరాన్సా కథ. ఆ పేరునకు ‘ఆశ’ యని అర్థము. రోసౌరా తన బిడ్డకును ఆ పాత యాచారమునే విధింప దలచెను. తల్లి సేవకే పుట్టిన పిల్లకు బడి యెందులకని ఆమె వాదము. తీతా, పెద్రో పట్టుబట్టి ఎస్పెరాన్సాను బడికి పంపించిరి. తీతా వంటయింటి విద్య నంతయు ఆమెకు నేర్పెను. తుదకు ఎస్పెరాన్సా తాను కోరినవానిని వివాహమాడెను. తరువాత ఇల్లు కాలి బూడిద కాగా, అందు మిగిలినది తీతా వ్రాసిన వంటల పుస్తకమొక్కటే. ఎస్పెరాన్సా దానిని తన కుమార్తె కిచ్చెను. ఆ కుమార్తెయే మనకీ కథ చెప్పుచున్నది.

తల్లిదండ్రులారా, పరభాషా ప్రాంతమున తరతరములుగా నిలిచిన మనకు ఆచారమన్న మక్కువ యెక్కువ. అది సహజము. కాని ఇంట ఎవరికైన జబ్బు చేసినను, చంటిబిడ్డను చూచువారు లేకున్నను, మొదట బడి మానునది ఆడపిల్లయే. అదే సమయమున అవ్వ నోటనున్న కవ్వము, సన్నికల్లు, తిరగమోత వంటి మాటలు ఆమెతోనే పోవుచున్నవి. విడువవలసినదానిని పట్టుకొని, పట్టుకొనవలసినదానిని విడుచుచున్నామేమో ఆలోచింపుడు.

మా కోరిక చిన్నది. ఈ సెలవులలో ప్రతి యింటను అవ్వ చెప్పుచుండగా ఒక వంటకమును మనుమరాలో మనుమడో తెలుగున నోటుపుస్తకములో వ్రాయవలెను. పాఠశాల తెరచిననాడు ఆ పుస్తకముతోపాటు ఆడపిల్లలందరును తరగతికి రావలెను. ఈ రెండును మీ చేతిలోని పనులే. సెలవు.