బొడ్డుసంచి నుంచి బీరువా దాకా



అందరూ బడి గురించి, పాత రోజుల గురించి మాట్లాడుతుంటే, నన్ను మాత్రం ఇంట్లో నగలు, చున్నీలు చవకగా దాచుకునే తీరు చెప్పమన్నారు. 28 ఏళ్లుగా కాశీబుగ్గలో కుట్టు మిషను మీద బతుకుతున్నదాన్ని కాబట్టి అడిగి ఉంటారు. మాస్టార్లు నవ్వుకోవద్దు. ఇందులో మీరు చెప్పిన సైన్సు పాఠం కూడా కొంత ఉంది.

మనది ఉప్పుగాలి తగిలే సీమ. చీరకు గుచ్చి మరిచిపోయిన పిన్నీసు హైదరాబాదులో కంటే ఇక్కడ తొందరగా తుప్పు పడుతుంది. ఆ మరక పట్టు మీద పడితే నేనూ ఏం చేయలేను, డ్రైక్లీనింగు వాళ్లూ ఏం చేయలేరు. పెళ్లిచీరకు ఎర్రటి మచ్చ పడిందని ఏడుస్తూ వచ్చిన ఆడపిల్లలను ఎందరినో చూశాను. అందుకే నా దుకాణంలో మొదట చెప్పే మాట ఇది: బీరువాలో పెట్టేముందు పిన్నీసులన్నీ తీసేయండి. ఇనుప ట్రంకు పెట్టె అయితే రెండు ఇటుకల మీదకు ఎత్తి, అడుగున పాత పంచె పరవండి. న్యూస్ పేపరు వద్దు, దాని సిరా లేత రంగు బట్టకు అంటుకుంటుంది.

వెండి నల్లబడటానికి గాలిలోని గంధకం కారణమని మనం ఇక్కడే చదువుకున్నాం. రబ్బరు బ్యాండులోనూ గంధకం ఉంటుంది. పట్టీల జతను రబ్బరు బ్యాండుతో బిగించి దాచితే, అది తగిలినచోట నల్లటి చార పడుతుంది. నూలు దారంతో కట్టండి. డబ్బాలో రెండు సుద్దముక్కలు వేస్తే తేమను పీలుస్తాయి. నెలకొకసారి వాటిని ఎండబెట్టి మళ్లీ వేసుకోవచ్చు. మందుల సీసాల్లో వచ్చే చిన్న పొట్లాలు కూడా ఇదే పని చేస్తాయి, కానీ పిల్లల చేతికి అందనివ్వకండి.

మా నాయనమ్మకు బీరువా లేదు. బొడ్డుసంచి ఉండేది. రెండు అరల గుడ్డసంచి, తాడు లాగితే మూతి బిగుసుకునేది. నానుతాడు తీసినప్పుడు అందులోకే, సంతకు దాచిన డబ్బులూ అందులోకే. "ఏటే గుంటా, పెట్టె మొయ్యాలి, సంచి మనతోటే నడుస్తాది" అనేది. ఆ మాట విలువ నాకు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తెలిసింది. తిత్లీ తుపాను మన పలాస పక్కన తీరం దాటిన రోజు. కొబ్బరి, జీడి తోటలు కూలిపోయిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. మా వీధిలో రేకులు లేచిపోయి ఇళ్లు తడిశాయి, చెక్క బీరువాల తలుపులు నీటికి ఉబ్బి తెరుచుకోలేదు. ఒకామె డయాలసిస్‌కు వెళ్లే భర్తను ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కుదువ పెట్టాల్సిన గొలుసు ఆ తలుపు వెనకాల ఉండిపోయింది. తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. ఉద్దానంలో ఆడవాళ్ల బంగారం అలంకారం కంటే ముందు ఆసుపత్రి ఖర్చు, ఫీజు, విత్తనాలు. అది ఎక్కడుందో, ఎంత త్వరగా చేతికొస్తుందో చాలా ముఖ్యం.

ఆ తర్వాత నేను కుట్టడం మొదలుపెట్టినదే ఈ చుట్టసంచి. పేరంటాల్లో ఇచ్చిన జాకెట్టు ముక్కలు ప్రతి ఇంట్లో గుట్టగా ఉంటాయి కదా, ఒకరు ఇచ్చింది ఇంకొకరికి ఇస్తూ తిరుగుతుంటాయి. వాటిలో ఒక నూలు ముక్క తీసుకోండి. అంచు మడతలు పోను 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు మిగిలేలా కత్తిరించండి. అడుగునుంచి 12 సెంటీమీటర్లు పైకి మడిచి, ప్రతి పది సెంటీమీటర్లకు నిలువుగా ఒక కుట్టు వేస్తే ఆరు అరలు వస్తాయి. పైన మిగిలిన గుడ్డను మూతలా కిందికి మడిచి, చుట్ట చుట్టి టేపుతో కట్టేయాలి. అవసరమైతే నడుముకే కట్టుకోవచ్చు. ఖర్చంతా దారమూ, మూరెడు టేపూ.

ఏ అరలో ఏది? ముత్యాలు మెత్తనివి, రాళ్ల నగ తగిలితే గీత పడుతుంది, కాబట్టి వాటిది వేరే అర. ముత్యాలను ప్లాస్టిక్ కవరులో బిగించకండి. వన్ గ్రాము నగలకు మాత్రం చెమట తుడిచి జిప్ కవరే మేలు. సన్న గొలుసును స్ట్రా గొట్టంలోంచి దూర్చి కొక్కెం పెడితే చిక్కు పడదు. దుద్దుల జతను పాత చొక్కా గుండీ రంధ్రాల్లో గుచ్చి శీలలు బిగించండి, ఒకటి పోయి ఒకటి మిగలడం ఉండదు. జీడిపిక్కలు వలిచే అప్పలు ఉంగరాలు తీసి కొంగుకు కట్టుకుంటారు, జీడి రసం ఉంగరం కింద చేరితే చర్మం కాలుతుంది మరి. వాళ్లకు నేను జాకెట్టు లోపల చిన్న జేబు కుట్టి ఇస్తాను, డబ్బులు తీసుకోను.

కొబ్బరి చిప్పను గరుకు కాగితంతో రుద్ది, కొంచెం నూనె రాస్తే రోజూ పెట్టుకునే కమ్మలకు, పిన్నులకు మంచి భరిణె. గాజులకు బట్టల కొట్టు వాళ్లు పారేసే అట్టగొట్టం చాలు.

ఇక చున్నీలు. ఒక హేంగరుకు పాత ప్లాస్టిక్ గాజులు ఎనిమిదో పదో దారంతో కట్టండి. ఒక్కో గాజులోంచి ఒక్కో చున్నీ దూర్చితే, ఒకటి లాగినప్పుడు పది జారిపడవు, అన్నీ కంటికి కనిపిస్తాయి. జరీ ఉన్నవి, పట్టువి వేలాడదీయొద్దు. పాత నూలుగుడ్డ చుట్టిన గొట్టానికి చుట్టేయండి. మన పొందూరు ఖాదీ కండువాలకు గంజి పెట్టి దాచేవాళ్లున్నారు. గంజి పురుగుకు భోజనం. ఉతికి, గంజి లేకుండా, బాగా ఆరాక దాచండి, గంజి కట్టే రోజు పెట్టుకోవచ్చు. నీడలో ఎండిన వేపాకును గుడ్డ మూటలో కట్టి మూలన పెడితే సరి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.

ఇంకొక మాట. బియ్యం డబ్బాలో, పప్పు డబ్బాలో దాచి ఎవరికీ చెప్పకపోవడం మన ఇళ్లలో పెద్ద తెలివి అనుకుంటారు. దొంగ ముందు అక్కడే వెతుకుతాడు, దాచినావిడ మంచాన పడితే ఇంట్లోవాళ్లకు దొరకదు. బరువైన నగలు బ్యాంకు లాకరులోనే ఉండనివ్వండి. ఇంట్లో ఉన్నవాటికి నోటు పుస్తకంలో జాబితా రాయండి: నగ పేరు, బరువు, కొత్త వాటి మీద ఉండే ఆరు అక్షరాంకెల హాల్‌మార్కు గుర్తు, ఫొటో. ఆ జాబితా కాపీ కూతురి దగ్గరో కోడలి దగ్గరో ఉండాలి. కోడలంటే నవ్వుతున్నారు గానీ, రాత్రి ఆసుపత్రికి బండి కట్టించేది ఆ పిల్లే.

చుట్టసంచి నమూనాలు నాలుగు, కత్తిరించిన కాగితం కొలతలు పక్క గదిలో బల్ల మీద పెట్టాను. కొలతలు తీసుకెళ్లండి. కత్తెర మాత్రం నాది, అక్కడే వదిలేయండి.