పలకకన్నా ముందు పలకరింపు

పరాయి దేశం వచ్చిన కుటుంబం బిడ్డను తొలిసారి కొత్తవారి చేతుల్లో పెట్టే చోటు చాలాసార్లు శిశుకేంద్రమే. ఆ గడప లోపలి పెద్దలు ఏం నేర్చుకుని సిద్ధంగా ఉండాలన్నదే ఈ ఉపన్యాసానికి విషయం.

అమెరికాలో పేదింటి పిల్లల కోసం హెడ్‌స్టార్ట్ అనే శిశువిద్యా కార్యక్రమం 1965 వేసవిలో మొదలైంది. పంటల వెంట ఊళ్లు మారే కూలీల పిల్లలకు 1969లో అందులోనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. కోతల కాలాన్ని బట్టి కేంద్రాలు తెరిచారు, తల్లులు పొలానికి వెళ్లే వేళకు తలుపులు తీశారు. పండగ పూట గోడకు రంగు కాగితాలు అంటించడం కన్నా ఈ ఏర్పాటులోనే గౌరవం ఎక్కువ.

భాష దగ్గర మాత్రం మంచి మనసున్న వారు కూడా పొరబడుతుంటారు. ‘ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడండి’ అని తల్లిదండ్రులకు సలహా ఇస్తారు. భాషా పరిశోధకురాలు లిల్లీ వాంగ్ ఫిల్మోర్ 1991లో ప్రచురించిన అధ్యయనం ఆ దారి ఎటు పోతుందో చూపింది. వలస కుటుంబాల్లో, బడి ఈడుకు ముందే ఇంగ్లీషు కేంద్రాల్లో చేరిన పిల్లలు ఇంటిభాషను వదిలేస్తున్నారు. అమ్మానాన్నలకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇక బుజ్జగించడానికి, మందలించడానికి, పడుకోబెట్టి కథ చెప్పడానికి ఆ ఇంట్లో ఏ మాట మిగులుతుంది? ఇంతకన్నా పెద్ద నష్టం పసితనంలో మరొకటి లేదు.

2016లో సవరించిన హెడ్‌స్టార్ట్ ప్రమాణాలు ఈ విషయాన్ని గట్టిగానే పట్టించుకున్నాయి. తరగతిలో ఎక్కువమంది పిల్లల ఇంటిభాష ఒకటే అయితే, ఆ భాష తెలిసిన సిబ్బంది కనీసం ఒకరు ఉండాలన్నాయి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో డేకేర్‌లో చేరిన తెలుగు పిల్లకు ఇంట్లో అమ్మమ్మ ముద్దలు కలిపి తినిపిస్తుంది. కేంద్రంలో తన పళ్లెంలో తానే పెట్టుకుని తినాలి. పిల్ల తినకుండా కూర్చుంటే ‘వెనకబడింది’ అని రాసుకునే ముందు, ఇంట్లో ఎలా తింటుందో టీచరు అడగాలి. బుగ్గన దిష్టిచుక్కను మురికి అనుకోకూడదు. అయితే అన్నిటికీ తలాడించడం గౌరవం కాదు. పిల్ల మెడలో కట్టిన తాడు ఆటలో బిగుసుకుంటుందన్న టీచరు భయం నిజమైనదే. ఆ మాట తల్లికి విడమరచి చెప్పి, ఇద్దరూ కలిసి దారి వెతకాలి.

అడగడం కూడా సాధనతో అబ్బే విద్యే. అరిజోనాలోని టూసాన్‌లో లూయిస్ మోల్, నార్మా గొంజాలెజ్ వంటి పరిశోధకులతో కలిసి ఉపాధ్యాయులు మెక్సికన్ మూలాలున్న పిల్లల ఇళ్లకు వెళ్లారు. పిల్లల మీద ఫిర్యాదులు మోసుకెళ్లలేదు, ఆ ఇళ్లలో ఏం తెలుసో నేర్చుకోవడానికి వెళ్లారు. సేద్యం, గని పని, ఇళ్లు కట్టడం, మూలికా వైద్యం, వ్యాపారం: ‘చదువులేని ఇళ్లు’ అనుకున్నచోట ఎంతో విద్య కనబడింది. ఒక తల్లి తరగతికి వచ్చి మిఠాయి చేయడం నేర్పింది. 1992లో అచ్చయిన ఆ పరిశోధన వ్యాసం శిశువిద్యలో పనిచేసే ప్రతివారూ చదవదగ్గది.

ఇక మన ముంగిలి. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు ఏటా కుటుంబాలు వస్తాయి. వారు దాటింది దేశపు సరిహద్దు కాకపోయినా, పసిపిల్లకు భాష పరాయిదే. కొన్ని బట్టీల దగ్గర ఒడియా ఉపాధ్యాయులతో బడులు నడిచాయి, కాబట్టి ఇది కాని పని కాదు. విదేశంలో తమ మనవడి తెలుగును గౌరవించాలని కోరుకునే ప్రతి తెలుగు కుటుంబమూ, బట్టీ పక్కనున్న అంగన్‌వాడీలో ఒడియా మాట వచ్చిన ఒక ఆయాను నియమించాలని అధికారులను అడగాలి.