తెర మీద బొమ్మ రాకపోతే: పాత కంప్యూటర్‌ను తూకానికి వేసే ముందు

(సంఘం వార్షిక సమావేశంలో విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం సామాను గదిలో రెండు పాత బీబీసీ మైక్రో కంప్యూటర్లు, వాటి మానిటర్లు ఉన్నాయి. రెండింటి మీదా ‘బొమ్మ రావడం లేదు’ అని చీటీ అంటించి ఉంది. వాటిని తూకానికి అమ్మాలా, బాగుచేసి పిల్లల ముందు పెట్టాలా అన్నది కార్యవర్గం తేల్చవలసి ఉంది. ఈ విషయంలో నా విన్నపం ఒక్కటే. ‘బొమ్మ రావడం లేదు’ అన్నది జబ్బు పేరు కాదు, జబ్బు లక్షణం. జ్వరం వచ్చిందని చెప్పినంత మాత్రాన వైద్యుడు మందు రాయడు కదా. ఆ బొమ్మ ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో చూడకుండా దాత ఇచ్చిన వస్తువును పారేయడం తగదు. అది మన దగ్గర ఉన్న అమానత్.

ఈ యంత్రం ఏమిటో చాలామందికి తెలియకపోవచ్చు. బ్రిటన్‌లో ఏకార్న్ అనే కంపెనీ బీబీసీ వారి కంప్యూటర్ అక్షరాస్యతా కార్యక్రమం కోసం 1981 చివర్లో దీన్ని తెచ్చింది. మన దేశంలో 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టినప్పుడు, తొలి విడతలో సుమారు 250 పాఠశాలలకు ఇచ్చింది ఈ బీబీసీ మైక్రోలనే. అంటే భారతదేశపు బడిపిల్లలు మొట్టమొదట వేలు పెట్టిన కంప్యూటర్లలో ఇదొకటి. దీని మెమరీ 32 కిలోబైట్లు మాత్రమే. ఈ రోజు మన ఫోనులో ఉన్న ఒక్క ఫోటో కూడా ఇందులో పట్టదు.

బొమ్మ ఎలా తయారవుతుందో ధర్మవరం వారికి చెప్పడం సులువు. పాత టీవీ తెర మీద బొమ్మ గీయరు, నేస్తారు. మగ్గం మీద నాడె ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి ఒక పేక పోగు వేసినట్టు, తెర లోపల ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి ఒక గీత వేసి, తిరిగి వచ్చి ఇంకో గీత మొదలుపెడుతుంది. మన టీవీ పద్ధతిలో ఒక పూర్తి బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 పూర్తి బొమ్మలు. లెక్క వేస్తే సెకనుకు 15,625 గీతలు. గీత ముగిసిందని, బొమ్మ అడుగుకు చేరిందని తెరకు చెప్పే సంకేతం పేరు సింక్. జాకార్డు అట్టల్లోని రంధ్రాలు కొంగు మీద ఏ పోగు లేవాలో చెప్పినట్టు, ఏ చుక్క వెలగాలో కంప్యూటర్ మెమరీ చెబుతుంది. చీరలో తప్పు పడితే అది అట్టలో ఉందా, పడుగులో ఉందా, నాడెలో ఉందా అన్నది మంచి నేతగాడు బట్టను చూసే చెప్పగలడు. తెరను చూసి లోపం చెప్పడం కూడా అలాంటి విద్యే.

ఇప్పుడు వరుసగా చూద్దాం. అన్నిటికంటే ముందు జాగ్రత్త. మానిటర్ వెనుక మూత ఎవరూ తీయకూడదు. పిక్చర్ ట్యూబుకు వేల వోల్టులు అందుతాయి, రంగుల ట్యూబుకైతే 25,000 దాకా ఉంటుంది. ప్లగ్గు పీకిన తర్వాత కూడా ఆ విద్యుత్తు అందులో నిలిచి ఉండవచ్చు. అది అనుభవం ఉన్న టీవీ మెకానిక్ పని. కంప్యూటర్ పెట్టె మూత తీయవచ్చు, కానీ ప్లగ్గు పీకిన తర్వాతే. అందులోని పవర్ సప్లై డబ్బాను మాత్రం పిల్లలు ముట్టుకోకూడదు.

ఆ డబ్బా గురించి ఇంకో మాట. కరెంటు లోపలికి వచ్చే చోట పసుపు రంగులో, లోపల ఏముందో కనిపించేలా ఉండే కాగితపు కెపాసిటర్లు కొన్ని ఉంటాయి. ఏళ్ళు గడిచే కొద్దీ వాటి తొడుగు పగిలి తేమ పడుతుంది. అలాంటి యంత్రాన్ని తెచ్చి నేరుగా స్విచ్ వేస్తే చిటపటమని పొగ, ఘాటైన వాసన వస్తాయి. చూసినవారు కంప్యూటర్ కాలిపోయిందనుకుంటారు. నిజానికి ఆ కెపాసిటర్ పని కరెంటులోని రొదను ఆపడమే. అది పోయినా మిగతా యంత్రం చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది. కాబట్టి ఏళ్ళ తరబడి పక్కన పెట్టిన యంత్రానికి ముందు ఆ కెపాసిటర్లు మార్పించి, తర్వాతే స్విచ్ వేయాలి. 275 వోల్టుల ఏసీకి తగిన ఎక్స్2 రకం అని అడిగితే ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరుకుతాయి. ఖర్చు స్వల్పం.

రెండో మెట్టు, చెవులతో వినడం. స్విచ్ వేయగానే ఈ యంత్రం ముందు బొంగురుగా ఒక మోత మోగి, వెంటనే సన్నగా ‘బీప్’ అంటుంది. రెండూ వినిపిస్తే కంప్యూటర్ మెదడు దాదాపు బాగానే ఉంది, లోపం బొమ్మ వెళ్ళే దారిలో ఉంది. మొదటి మోత ఆగకుండా మోగుతూనే ఉంటే లోపం తెరది కాదు, కంప్యూటర్ లేవడమే లేదు. ఏ మోతా లేకపోతే ముందు విద్యుత్తు చూడాలి. మల్టీమీటరుతో బోర్డు మీద ఎర్ర తీగకు, నల్ల తీగకు మధ్య 5 వోల్టులు ఉండాలి. 4.75 కంటే తగ్గితే పవర్ సప్లై సంగతి తేలేదాకా ముందుకు పోకూడదు.

మూడో మెట్టు, కంప్యూటర్‌ను, మానిటర్‌ను విడదీసి చూడడం. ఇంట్లో మూలపడిన డీవీడీ ప్లేయర్ పసుపు వీడియో సాకెట్ నుంచి ఆ మానిటర్‌కు బొమ్మ ఇచ్చి చూడండి. వస్తే మానిటర్ బాగున్నట్టే. కంప్యూటర్‌ను పనిచేసే టీవీకి కలిపి చూడండి. వస్తే కంప్యూటర్ బాగున్నట్టే. రెండూ బాగుంటే మిగిలింది మధ్యలో ఉన్న తీగ. అసలు కారణం తీగే అయిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఇక్కడ లోపం కాని వాటిని లోపం అనుకునే ప్రమాదం ఉంది. ఈ యంత్రం వెనుక బొమ్మ బయటకు వచ్చే దారులు మూడు. ఏరియల్ సాకెట్‌కు వెళ్ళే దారి యూహెచ్ఎఫ్ 36వ ఛానల్ దగ్గర దొరుకుతుంది. దూరదర్శన్ తొలినాళ్ళలో వీహెచ్ఎఫ్ మాత్రమే పట్టే సెట్టులో ఎంత తిప్పినా అది రాదు. రెండోది వీడియో సాకెట్. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచితే దాని నుంచి నలుపు తెలుపు బొమ్మే వస్తుంది. లోపల ఒక చిన్న లింకు కలిపితేనే రంగులు. ‘రంగు పోయింది’ అని దీన్ని పక్కన పడేస్తే అది మన తొందరపాటు. మూడోది ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరు వేరుగా ఇచ్చే ఆరు పిన్నుల సాకెట్. తెల్లగా ఉండవలసిన అక్షరాలు అందులో పసుపుగా కనిపిస్తే నీలం తెగింది, గులాబీ ఊదాగా కనిపిస్తే ఆకుపచ్చ తెగింది, ఆకాశనీలంగా కనిపిస్తే ఎరుపు తెగింది. ఎనిమిదో తరగతి పిల్ల కూడా దీన్ని చూసి ఏ తీగ పోయిందో చెప్పగలదు.

నాలుగో మెట్టు, బొమ్మ రూపాన్ని చదవడం. బొమ్మ కింది నుంచి పైకి పరుగెత్తుతున్నా, ఏటవాలుగా చిరిగినట్టున్నా అది సింక్ తప్పడం. చుక్కలు తయారవుతున్నాయి, గీతలు సరిగా పేరడం లేదన్నమాట. అక్షరాలు వస్తున్నా అస్తవ్యస్తంగా ఉంటే ఒక పరీక్ష చేయాలి. ఈ యంత్రం లేవగానే మోడ్ 7 అనే పద్ధతిలో ఉంటుంది. అందులో అక్షరాల ఆకారాలు ఎస్‌ఏఏ 5050 అనే ప్రత్యేక చిప్పు నుంచి వస్తాయి. తెర కనిపించకపోయినా సరే, ‘మోడ్ 4’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి రిటర్న్ నొక్కండి. ఇప్పుడు అక్షరాలు శుభ్రంగా వస్తే దోషం ఆ 5050 చిప్పుదో, దాని సాకెట్‌దో. మోడ్ 7 బాగుండి మిగతావి చెడితే వీడియో యూఎల్ఏ అనే చిప్పును అనుమానించాలి. అక్షరాల ఆకారం చక్కగా ఉండి, బీ ఉండవలసిన చోట సీ లాగా తప్పు అక్షరం వస్తుంటే మెమరీ చిప్పుల్లో ఒకటి దారి తప్పింది.

ఐదో మెట్టు, వేడి, దుమ్ము. ఈ రెండూ మన ప్రాంతంలో కొరత లేనివి. మొదట బొమ్మ బాగుండి పది పదిహేను నిమిషాలకు చెదిరితే, వేడెక్కిన చిప్పు మీద అనుమానం. వీడియో యూఎల్ఏ బాగా వేడెక్కే రకం. మూత తీసి టేబుల్ ఫ్యాను గాలి తగిలించినప్పుడు బొమ్మ నిలబడితే అనుమానం బలపడుతుంది. సాకెట్లలో కూర్చోబెట్టిన చిప్పుల కాళ్ళకు ఏళ్ళ తరబడి మచ్చ పడుతుంది. ప్లగ్గు పీకి, చిప్పును నెమ్మదిగా పైకి తీసి మళ్ళీ కూర్చోబెడితేనే చాలా యంత్రాలు లేస్తాయి. కాళ్ళు వంగకూడదు, దిశ మారకూడదు. అంతే జాగ్రత్త.

అన్ని మెట్లలోనూ నియమం ఒక్కటే. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

‘ఇంత శ్రమ ఎందుకు మాస్టారూ, ఆ డబ్బుతో పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనవచ్చు కదా’ అని కొందరు పెద్దలు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఉద్యోగానికి పనికొచ్చే కంప్యూటర్ విద్యకు ల్యాప్‌టాప్‌లే కావాలి, అందులో సందేహం లేదు. కానీ ల్యాప్‌టాప్‌లోనూ ఫోనులోనూ లోపల జరిగేది పిల్లలకు కనబడదు. చెడితే దుకాణానికి ఇవ్వడమే వారికి తెలిసిన మార్గం. ఈ పాత యంత్రంలో ముఖ్యమైన చిప్పులు కంటికి కనబడతాయి, చాలావరకు చేతికి ఊడి వస్తాయి. సర్క్యూట్ పటం దొరుకుతుంది. మేము తొమ్మిదో తరగతిలో పరికల్పన, పరీక్ష, నిర్ధారణ అని నల్లబల్ల మీద రాస్తాం. ఇక్కడ అదే పని చేతులతో చేస్తారు. నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయమంటాను: చూసింది, అనుకున్నది, చేసింది, తేలింది. ఆ నాలుగు గడులు నింపడం వచ్చిన ఆడపిల్ల రేపు మోటారు చెడినా, ఇంటి లెక్క తప్పినా కంగారు పడదు.

ఇక దాతలను, సభ్యులను నేను అడిగేవి నాలుగు.

మొదటిది, రెండు యంత్రాలనూ కలిపి ఉంచండి, ఒక్కటి కూడా విడిగా అమ్మవద్దు. వీడియో యూఎల్ఏ ఏకార్న్ కోసం ప్రత్యేకంగా చేసిన చిప్పు. అది బెంగళూరు ఎస్పీ రోడ్డుకు రైలెక్కి వెళ్ళినా మామూలు దుకాణంలో దొరికే రకం కాదు. రెండు యంత్రాలు పక్కపక్కన ఉంటే ఒకదాని చిప్పు రెండోదానిలో పెట్టి పరీక్షించవచ్చు. చివరకు రెండింటిలో ఒక్కటే లేచినా మనకు లాభమే.

రెండోది, ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, కొన్ని కెపాసిటర్లు, సరైన తీగలు. పెద్ద విరాళం అక్కర్లేదు.

మూడోది, మన మూడు ఊళ్ళలోనూ పిక్చర్ ట్యూబ్ టీవీలు బాగుచేసి జీవితం గడిపిన మెకానిక్కులు ఉన్నారు. ఫ్లాట్ టీవీలు వచ్చాక వారి దగ్గరికి వెళ్ళేవారు తగ్గిపోయారు. సింక్ అంటే ఏమిటో నాకంటే వారికి బాగా తెలుసు. వారిలో మీకు తెలిసినవారిని రెండు ఆదివారాలు తీసుకురండి. వారికి గౌరవంగా కూలి చెల్లిద్దాం, పిల్లల ముందు ఉస్తాద్ అని పరిచయం చేద్దాం.

నాలుగోది, ఇకముందు వస్తువు ఇచ్చేవారు దాని తీగలతో సహా ఇవ్వండి. చీటీ మీద ‘చెడిపోయింది’ అని కాక, చివరిసారి స్విచ్ వేసినప్పుడు ఏం వినబడింది, ఏం కనబడింది అని రెండు ముక్కలు రాయండి.

అన్నీ చేసినా లేవకపోతే? అప్పుడు కూడా కిలోల లెక్కన ఇనుప సామాను వారికి వేయవద్దు. పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. దాన్ని పగలగొట్టే చోట ఉండేది ఎవరి పిల్లలో మనకు తెలుసు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లింగ్ సంస్థకే అప్పగించాలి. ప్రయత్నించి, ఎక్కడ ఆగిందో రాసిపెట్టి, తర్వాత సాగనంపితే దాతకు మనం చెప్పుకోగల సమాధానం ఉంటుంది.

కార్యవర్గం ఈ రోజే తీర్మానం చేయాలని కోరుతున్నాను. పని మొదలయ్యాక నాలుగు గడుల నోటు పుస్తకాన్ని ప్రతి నెలా మీ ముందు పెడతాం.